అంతర్జాతీయ అధ్యయనాలు, ప్రపంచీకరణ, ప్రపంచ పౌరసత్వం

దేశాల మధ్య సంబంధాలను, దేశాల హద్దులు దాటి సాగే వ్యవహారాలను పరిశీలించే విద్యాశాఖను అంతర్జాతీయ అధ్యయనాలు అంటారు. సరకు, పెట్టుబడి, మనుషులు, సమాచారం, రోగాలు, ఆలోచనలు సరిహద్దులు దాటే వేగం పెరిగి, ఒక చోట తీసుకున్న నిర్ణయం మరో ఖండంలోని బతుకులను మార్చే స్థితి ఏర్పడడం ప్రపంచీకరణ. మనిషికి పుట్టిన దేశంతోపాటు మొత్తం మానవ సమాజం పట్ల కూడా బాధ్యత ఉందనీ, ఆ సమాజంలో అతనికి హక్కులున్నాయనీ చెప్పే భావన ప్రపంచ పౌరసత్వం. మొదటిది శాస్త్రం, రెండోది ప్రక్రియ, మూడోది ఆదర్శం. సరకు, డబ్బు హద్దులు దాటినంత సులువుగా హక్కులు, జవాబుదారీతనం దాటడం లేదు కాబట్టే ఈ మూడింటినీ కలిపి చదవాల్సి వస్తుంది. ఈ వ్యత్యాసం ఎలా వచ్చింది, ఎవరికి లాభించింది, దాన్ని పూడ్చడానికి ఏం చేశారు అన్నవే ఈ రంగంలోని ప్రధాన ప్రశ్నలు.

విద్యాశాఖ పుట్టుక

పొరుగు రాజ్యంతో ఎలా మెలగాలన్న ఆలోచన రాజ్యమంత పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం విజిగీషువైన, అంటే జయించగోరే, రాజును నడుమ నిలిపి, చుట్టూ శత్రువు, మిత్రుడు, మధ్యముడు, ఉదాసీనుడు ఉండే రాజమండలాన్ని వర్ణించింది. సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరు విధానాలను షాడ్గుణ్యంగా చెప్పింది. గ్రీకు చరిత్రకారుడు తుసిడిడీస్ ఏథెన్స్, స్పార్టాల యుద్ధానికి అసలు కారణం ఒకరి బలం పెరగడం, అది చూసి మరొకరికి భయం పుట్టడం అని విశ్లేషించాడు. ఐరోపాలో ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 నాటి వెస్ట్‌ఫేలియా ఒప్పందాలతో సార్వభౌమ రాజ్యాల వ్యవస్థ మొదలైందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఒక దేశపు లోపలి వ్యవహారాల్లో మరో దేశం తలదూర్చరాదన్న సూత్రం కుదురుకోవడానికి మాత్రం ఆ తరువాత చాలా కాలం పట్టింది. ఐరోపా రాజ్యాలు దాన్ని తమలో తాము పాటించుకున్నాయే గానీ తాము ఆక్రమించిన ఆసియా, ఆఫ్రికా దేశాలకు వర్తింపజేయలేదు.

విశ్వవిద్యాలయంలో పాఠ్యాంశంగా ఇది మొదటి ప్రపంచ యుద్ధం తరువాత రూపుదిద్దుకుంది. 1919లో వేల్స్‌లోని అబరిస్ట్విత్‌లో, డేవిడ్ డేవీస్ కుటుంబం ఇచ్చిన విరాళంతో, అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు మీద అంతర్జాతీయ రాజకీయాల ఆచార్య పీఠం ఏర్పడింది. ఆల్‌ఫ్రెడ్ జిమర్న్ దానికి తొలి ఆచార్యుడు. యుద్ధాలు ఎందుకు వస్తాయో తెలిస్తే వాటిని ఆపవచ్చన్నది అప్పటి నమ్మకం. మరో ఇరవై ఏళ్లకే రెండో ప్రపంచ యుద్ధం రావడంతో ఆ నమ్మకం సడలి, అధ్యయనం శాంతి కాంక్ష నుంచి అధికార రాజకీయాల వైపు మళ్లింది.

భారతదేశంలో స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ ఏర్పడింది. 1955లో ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలై, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. అంతర్జాతీయ సంబంధాలు అనే పాత పేరు ప్రధానంగా ప్రభుత్వాల మధ్య రాజకీయాలకు పరిమితం. అంతర్జాతీయ అధ్యయనాలు అన్నప్పుడు ఆర్థికశాస్త్రం, చరిత్ర, న్యాయశాస్త్రం, మానవశాస్త్రం, పర్యావరణం, భాషలు, ప్రాంతీయ అధ్యయనాలు కూడా అందులోకి వస్తాయి.

ప్రధాన సిద్ధాంతాలు

దేశాల పైన మరో ప్రభుత్వం లేదు కాబట్టి ఎవరి రక్షణ వారే చూసుకోవాలని, అందుకే బలమే ప్రధానమని వాస్తవికవాదం అంటుంది. ఇ.హెచ్. కార్ 1939లో, హాన్స్ మోర్గెంథావ్ 1948లో ప్రచురించిన గ్రంథాలు దీనికి పునాది వేశాయి. యుద్ధాలకు కారణం మనిషి స్వభావంలో కంటే వ్యవస్థ నిర్మాణంలోనే ఎక్కువగా ఉందని కెన్నెత్ వాల్ట్జ్ 1979లో వాదించాడు. వ్యాపారం, ప్రజాస్వామ్యం, అంతర్జాతీయ సంస్థలు ఉంటే పరస్పర ప్రయోజనం కోసం దేశాలు సహకరించుకుంటాయని ఉదారవాదం చెబుతుంది. రాబర్ట్ కోహేన్, జోసెఫ్ నై 1977లో ప్రతిపాదించిన పరస్పరాధారత భావన ఈ ధోరణిలో ముఖ్యమైనది. ప్రయోజనం, శత్రుత్వం వంటివి ముందే స్థిరపడి ఉండవని, దేశాలు ఒకదాన్నొకటి ఎలా చూస్తాయో దాన్నిబట్టి రూపొందుతాయని నిర్మాణవాదం అంటుంది. బ్రిటన్ దగ్గరి వందల అణ్వస్త్రాల కన్నా ఉత్తర కొరియా దగ్గరి కొన్ని అణ్వస్త్రాలు అమెరికాను ఎక్కువగా కలవరపెడతాయన్నది ఈ వాదానికి అలెగ్జాండర్ వెంట్ ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ.

ఈ మూడూ ప్రధానంగా పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో ఎదిగిన వాదాలు. వీటికి భిన్నంగా, ముడిసరకు అమ్మి యంత్రాలు కొనుక్కునే దేశానికి వ్యాపారంలో కాలక్రమేణా నష్టమే మిగులుతుందని అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్ 1949లో చూపాడు. లాటిన్ అమెరికాలో పుట్టిన పరాధీనతా సిద్ధాంతానికి అది బీజం. ప్రపంచమంతా కేంద్రం, అంచు, ఆ రెంటి నడుమ ఉండే దేశాలుగా విడిపోయిన ఒకే పెట్టుబడిదారీ వ్యవస్థ అని ఇమ్మాన్యుయేల్ వాలర్‌స్టీన్ 1974 నుంచి వివరించాడు. దౌత్యం, సైనిక స్థావరాలు, అరటి తోటలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల శ్రమ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో సింథియా ఎన్లో 1989లో రాసిన పుస్తకం స్త్రీవాద దృక్కోణంతో చూపింది.

సంస్థలు, నియమాలు

1920లో ఏర్పడిన నానాజాతి సమితిలో బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశం కూడా వ్యవస్థాపక సభ్యురాలే. అది విఫలమయ్యాక 1945 అక్టోబరు 24న 51 దేశాలతో ఐక్యరాజ్య సమితి ఉనికిలోకి వచ్చింది. నేడు సభ్య దేశాలు 193. సర్వసభ్య సభలో అన్ని దేశాలకూ సమాన ఓటు ఉంది. భద్రతా మండలిలో మాత్రం అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లకు శాశ్వత సభ్యత్వంతోపాటు వీటో ఉంది. 1945 నాటి బలాబలాలను బట్టి జరిగిన ఈ ఏర్పాటును మార్చాలని భారత్, బ్రెజిల్, జర్మనీ, జపాన్ కోరుతున్నాయి.

ఆర్థిక వ్యవస్థకు పునాది 1944 జులైలో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో పడింది. 44 దేశాల ప్రతినిధులు సమావేశమై అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకులను రూపొందించారు. ద్రవ్యనిధిలో ఓటు దేశం చెల్లించే వాటాను బట్టి ఉంటుంది. కీలక నిర్ణయాలకు 85 శాతం మద్దతు కావాలి. అమెరికాకు 16 శాతం పైగా ఓట్లున్నాయి కాబట్టి అది ఒప్పుకోకపోతే ఆ నిర్ణయాలు జరగవు. సుంకాల తగ్గింపు కోసం 1947లో 23 దేశాలు గాట్ ఒప్పందం చేసుకున్నాయి. దాని స్థానంలో 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. ఇందులో నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరగాలి. అందుకే రైతుకు మద్దతు ధర ఇచ్చి ధాన్యం సేకరించే విషయంలో భారత్ 2013 బాలి సమావేశంలో పట్టుబట్టి తాత్కాలిక రక్షణ సాధించుకోగలిగింది. వివాదాలు తేల్చే అప్పిలేట్ బాడీ మాత్రం, కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో, 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు.

ప్రపంచీకరణ: చారిత్రక దశలు

దూరదేశ వాణిజ్యం కొత్తది కాదు. తెలుగు తీరంలోనే దానికి బలమైన సాక్ష్యం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకుల కోసం ఉద్దేశించింది. తుపానుకు చిక్కి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, బంగారం, రత్నాలు అన్నింటినీ పూర్వపు రాజులు లాగేసుకునేవారని అది చెబుతుంది. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవారి సొత్తును తాము ముట్టుకోబోమని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని హామీ ఇస్తుంది. ఎగుమతి, దిగుమతులపై ముప్పైలో ఒక వంతు సుంకం అని రేటును కూడా ప్రకటిస్తుంది. పరదేశి వర్తకుడి ఆస్తికి రక్షణ, ముందే తెలిసిన పన్ను, రాజు మాటకు శిలాసాక్ష్యం: నేటి వాణిజ్య ఒప్పందాల్లోని ముఖ్యాంశాలు కొన్ని ఇందులో ఉన్నాయి. ఆ శతాబ్దం చివర మార్కో పోలో తన యాత్రా కథనంలో ఈ రేవును, ఆ రాజ్యాన్ని ఏలిన రాణిని ప్రస్తావించాడు.

1492 తరువాత అమెరికా ఖండాలు ఈ వాణిజ్య వలలోకి వచ్చాయి. తెలుగు వంటింట్లో ప్రాణప్రదమైన మిరప, తెలుగు నేలలో వాణిజ్య పంటలైన పొగాకు, వేరుసెనగ, ఇంకా టమాటా, బంగాళాదుంప అక్కడి నుంచి వచ్చినవే. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరప గుంటూరు పేరు మీద మళ్లీ ప్రపంచ మార్కెట్‌కు వెళ్తోంది. 17వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో స్థావరాలు పెట్టి కలంకారీ వస్త్రాలను, గోల్కొండ సరకును ఆగ్నేయాసియాకూ ఐరోపాకూ తరలించారు. అప్పుడు తయారైన వస్త్రం ఇక్కడి నుంచి బయటికి వెళ్లేది. 19వ శతాబ్దంలో దిశ తిరగబడింది. లాంకషైర్ మిల్లు బట్ట ఇక్కడికి వచ్చింది, పత్తి ముడిసరకుగా వెళ్లింది.

1869లో సూయెజ్ కాలువ, ఆవిరి ఓడలు, సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలు దూరాన్ని కుదించాయి. 1870 నుంచి 1914 వరకు ఉన్న కాలాన్ని ఆర్థికవేత్తలు మొదటి ప్రపంచీకరణ దశగా పిలుస్తారు. ఐరోపా నుంచి కోట్ల మంది అమెరికాకు వలసపోయారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక తోటల్లో పనికి భారతీయ కూలీలను ఒప్పందాల మీద తీసుకుపోయారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో డర్బన్ చేరిన తొలి కూలీల్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. మారిషస్, ఫిజీ, మలయా, బర్మాలకు కూడా వేల కుటుంబాలు వెళ్లాయి. కోరంగి రేవు నుంచి వెళ్లినవారిని బర్మాలో 'కోరంగీలు' అనేవారు. ఈ వలసల వారసత్వం వల్లనే రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో జరిగాయి.

రెండు ప్రపంచ యుద్ధాలు, వాటి నడుమ 1929 నాటి ఆర్థిక మాంద్యం ఈ అల్లికను తెంచేశాయి. అంతకుముందు చాలా దేశాల్లోకి పాస్‌పోర్టు లేకుండానే వెళ్లగలిగేవారు. మొదటి ప్రపంచ యుద్ధంతో అది తప్పనిసరైంది.

రెండో దశకు దారి తీసిన మార్పుల్లో అంతగా పేరు రానిది ఇనుప పెట్టె, అంటే కంటైనర్. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే ట్రక్కుల యజమాని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఐడియల్ ఎక్స్ ఓడలో 58 కంటైనర్లు పంపాడు. బస్తా బస్తాగా కూలీలు మోసి ఎక్కిస్తే అప్పట్లో టన్నుకు 5.86 డాలర్లు అయ్యే ఖర్చు ఈ పద్ధతిలో 16 సెంట్లకు దిగిందని లెక్క. రవాణా ఖర్చు దాదాపు లెక్కలోకి రానంత తగ్గేసరికి, ఒకే వస్తువులోని భాగాలను పది దేశాల్లో చేయించి పదకొండో దేశంలో కూర్చడం లాభసాటి అయింది. 1970లో ప్రపంచ ఉత్పత్తి విలువలో వాణిజ్యం పాతిక శాతం దగ్గర ఉంటే 2008 నాటికి 60 శాతానికి చేరింది.

భారతదేశం ఈ దశలోకి సంక్షోభం ద్వారా ప్రవేశించింది. 1991 మధ్యలో విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేని స్థితిలో రిజర్వ్ బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టింది. ఆ జూన్‌లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ జులై మొదటి వారంలో రూపాయి విలువ తగ్గించారు, పారిశ్రామిక లైసెన్సులను చాలా వరకు ఎత్తేశారు, జులై 24న కొత్త బడ్జెట్ పెట్టారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభం కావడం, సాఫ్ట్‌వేర్ రంగం విస్తరించడం ఈ మలుపు తరువాతి పరిణామాలే.

ఒక సరకు వెంట: వెనామీ రొయ్య

ప్రపంచీకరణ ఎలా పనిచేస్తుందో ఆంధ్ర తీరంలోని రొయ్యల చెరువులో స్పష్టంగా కనిపిస్తుంది. మెక్సికో నుంచి పెరూ వరకు పసిఫిక్ తీరంలో పుట్టిన వెనామీ రకాన్ని భారత్ 2009లో వాణిజ్య సాగుకు అనుమతించింది. వ్యాధి సోకని తల్లి రొయ్యలను ప్రధానంగా అమెరికా నుంచి విమానంలో తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించి, హేచరీలకు ఇస్తారు. అక్కడ పుట్టిన సీడ్‌ను భీమవరం, నెల్లూరు ప్రాంతాల రైతులు చెరువుల్లో వదిలి, మేత వేసి, రాత్రింబవళ్లు ఏరేటర్లు తిప్పి మూడు నాలుగు నెలలు పెంచుతారు. ధర 'కౌంట్' మీద నడుస్తుంది. కిలోకు 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. పట్టుబడి అయ్యాక ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసి, తోలు ఒలిచే పని చాలావరకు ఆడవాళ్లదే. గడ్డకట్టించిన సరకు కంటైనర్లలో అమెరికాకు, చైనాకు, ఐరోపాకు పోతుంది.

ఈ గొలుసులో ధరను, నాణ్యతను నిర్ణయించేది కొనే దేశం. నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం దొరికితే ఐరోపా రేవులో కంటైనర్ ఆగిపోతుంది. ఈక్వెడార్‌లో పంట పెరిగితే ఇక్కడ ధర పడుతుంది. 2025 ఏప్రిల్లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించగానే చెరువు గట్టు మీద కొనుగోలు ధర తగ్గింది. ఆగస్టు 27 నుంచి అనేక భారతీయ సరకులపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యలపై అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్, సబ్సిడీ వ్యతిరేక సుంకాలు దానికి తోడయ్యాయి. సుంకం వేసిన ప్రభుత్వాన్ని అడిగే హక్కు ఈ రైతుకు లేదు, అక్కడ అతను ఓటరు కాదు. చెరువుల వల్ల ఊరి బావుల్లోకి ఉప్పునీరు ఊరినప్పుడు ఆ బాధ్యత రొయ్య తిన్న దేశానికి పట్టదు. తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు 1996లో జగన్నాథ్ కేసులో కఠినమైన ఆదేశాలు ఇచ్చింది. ఆ తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. అంటే లాభనష్టాల లెక్క ప్రపంచ మార్కెట్‌లో తేలుతున్నా, నీళ్లు, నేల గురించిన జవాబు మాత్రం స్థానిక చట్టమే చెప్పుకోవాల్సి వచ్చింది.

నియమాలు మారితే ఏమవుతుంది: మందుల పేటెంట్లు

ప్రపంచ నియమాలతో దేశాలు ఎలా బేరమాడతాయో మందుల చరిత్ర చెబుతుంది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు పేటెంట్ ఇవ్వకుండా తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చింది. అదే మందును వేరే పద్ధతిలో చౌకగా చేసే వెసులుబాటు దొరికింది. హైదరాబాదులోని ప్రభుత్వరంగ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవారు పెట్టిన కంపెనీలతో ఆ నగరం మందుల తయారీ కేంద్రమైంది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. మేధో సంపత్తిపై ప్రపంచ వాణిజ్య సంస్థలో కుదిరిన ట్రిప్స్ ఒప్పందం వల్ల 2005లో భారత్ మందులకు పేటెంట్ ఇవ్వక తప్పలేదు. అయితే పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ కోరడాన్ని అడ్డుకునే నిబంధనను చట్టంలో చేర్చింది. ప్రజారోగ్యం కోసం తప్పనిసరి లైసెన్సు ఇచ్చే అధికారాన్నీ ఉంచుకుంది. 2012 మార్చిలో ఆ అధికారాన్ని తొలిసారి వాడారు. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే బేయర్ కంపెనీ మందును తయారుచేసే అనుమతి హైదరాబాదుకు చెందిన నాట్కోకు దక్కింది. నెలకు 2.80 లక్షల రూపాయలయ్యే ఆ మందు 8,880 రూపాయలకు దిగింది. ఒప్పందంలో సంతకం చేసిన దేశానికి కూడా, అందులోని వెసులుబాట్లు చదివి వాడుకునే నేర్పుంటే, కొంత చోటు ఉంటుందని ఈ ఉదంతం నిరూపించింది.

వలస

ప్రపంచంలో పుట్టిన దేశం వదిలి మరో దేశంలో ఉంటున్నవారు 2024లో 30.4 కోట్ల మంది అని ఐక్యరాజ్య సమితి అంచనా. ఇది జనాభాలో 3.7 శాతం. సరకుతో పోలిస్తే మనుషుల కదలిక నేటికీ చాలా పరిమితం. అయినా వారు ఇంటికి పంపే డబ్బు పెద్ద మొత్తమే. ఇలా వచ్చే సొమ్ములో భారత్‌ది మొదటి స్థానం. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో అది సుమారు 12,900 కోట్ల డాలర్లు.

తెలుగువారి వలస రెండు పాయలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 1990 నాటి చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసా మీద అమెరికా వెళ్తాడు. ఉద్యోగాధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల ఏళ్ల తరబడి వరుసలో ఉంటాడు. 1973 చమురు ధరల పెంపు తరువాత మొదలైన రెండో పాయలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నిర్మాణ కూలీలు, కోనసీమ, కడప నుంచి ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లు గల్ఫ్ చేరతారు. అక్కడి కఫాలా పద్ధతిలో కార్మికుడి నివాస హక్కు యజమాని చేతిలో ఉంటుంది. యజమానిని విడిచి, కాగితాలు లేకుండా బయట బతికే స్థితిని గల్ఫ్‌లోని తెలుగు కూలీలు 'కల్లివెల్లి' అంటారు. వారి శ్రమకు గిరాకీ ఉంది, వారి ఫిర్యాదు వినేచోటు మాత్రం పుట్టిన దేశంలోనూ పనిచేసే దేశంలోనూ వెతుక్కోవాలి.

వాదోపవాదాలు

ప్రపంచీకరణపై పండితుల్లో మూడు ధోరణులున్నాయి. దేశాల హద్దులకు కాలం చెల్లిందని 1990లో కెనిచి ఓమే వంటివారు ప్రకటించారు. 1914కు ముందు కూడా ఆర్థిక అల్లిక బలంగానే ఉండేదని, ప్రభుత్వాల ప్రాధాన్యం తగ్గలేదని పాల్ హర్స్ట్, గ్రాహమ్ థాంప్సన్ 1996లో బదులిచ్చారు. ప్రభుత్వాలు కనుమరుగు కావడం లేదు గానీ వాటి పని తీరు మారుతోందని డేవిడ్ హెల్డ్, అతని సహ రచయితలు 1999లో మధ్యేమార్గం చెప్పారు. సంస్కృతి విషయంలో అర్జున్ అప్పాదురై 1996లో చేసిన విశ్లేషణ ప్రసిద్ధం. మనుషులు, డబ్బు, సాంకేతికత, ప్రసార మాధ్యమాల బొమ్మలు, భావాలు వేర్వేరు దిశల్లో వేర్వేరు వేగాలతో కదులుతాయని, అందుకే ప్రపంచమంతా ఒకే మూసలోకి రాలేదని ఆయన వాదన.

లాభనష్టాలపై వివాదం ఇంకా తేలలేదు. జగదీశ్ భగవతి వాణిజ్యమే పేదరికాన్ని తగ్గించిందంటారు. ద్రవ్యనిధి పెట్టిన షరతులు పేద దేశాలను దెబ్బతీశాయని జోసెఫ్ స్టిగ్లిట్జ్ 2002లో రాశారు. 1988 నుంచి 2008 వరకు లెక్కలు తీసిన బ్రాంకో మిలనోవిచ్, క్రిస్టోఫ్ లాక్నర్‌లు ఆసియా మధ్యతరగతి, ప్రపంచంలోని అత్యంత ధనికులు బాగా లాభపడగా, సంపన్న దేశాల్లోని దిగువ మధ్యతరగతి ఆదాయం దాదాపు ఉన్నచోటే ఉండిపోయిందని తేల్చారు. బ్రెగ్జిట్, అమెరికాలో సుంకాల రాజకీయం వంటి పరిణామాలను వివరించడానికి ఈ గణాంకాలను తరచు ఉటంకిస్తారు. పూర్తి ప్రపంచీకరణ, దేశ సార్వభౌమత్వం, ప్రజాస్వామ్యం మూడూ ఒకేసారి కుదరవని, ఏవైనా రెండే ఎంచుకోగలమని డాని రోడ్రిక్ సూత్రీకరించారు.

వ్యతిరేక ఉద్యమాలు కూడా హద్దులు దాటాయి. 1999లో సియాటిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాన్ని నిరసనకారులు స్తంభింపజేశారు. 2001లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రేలో ప్రపంచ సామాజిక వేదిక మొదలైంది. 2003 జనవరిలో ఆసియా సామాజిక వేదిక హైదరాబాదులో, 2004లో ప్రపంచ వేదిక ముంబయిలో జరిగాయి. తెలుగు సాహిత్యంలో ఆ కాలపు కవులు, కథకులు చేతివృత్తుల పతనాన్ని, రైతు అప్పులను విస్తృతంగా రాశారు. పల్లె వృత్తులు కూలిపోవడంపై గోరటి వెంకన్న రాసిన పాట ఊరూరా పాడుకునేదైంది.

ప్రపంచ పౌరసత్వం

తన ఊరేదని అడిగితే తాను ప్రపంచ పౌరుణ్ని అన్నాడని గ్రీకు తత్వవేత్త డయోజెనీస్ గురించి చెబుతారు. స్టోయిక్ తత్వవేత్తలు ఆ భావాన్ని నీతి సిద్ధాంతంగా మలిచారు. పరదేశిని శత్రువుగా చూడకుండా రానివ్వాలన్నది దయ కాదనీ, అది హక్కనీ ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతిపై రాసిన వ్యాసంలో వాదించాడు. దేశభక్తి మనిషితనాన్ని మింగేయరాదని రవీంద్రనాథ్ టాగోర్ 1917లో వెలువడిన ప్రసంగాల్లో హెచ్చరించి, 1921లో విశ్వభారతిని నెలకొల్పాడు.

ఆదర్శం చట్టరూపం దాల్చడం 1948 డిసెంబరు 10న ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనతో మొదలైంది. మొదటి అధికరణంలో పురుషులందరూ అని అర్థమిచ్చే మాట తీసేసి మానవులందరూ అని ఉండేలా పట్టుబట్టినది భారత ప్రతినిధి హన్సా మెహతా. అయితే హక్కులు మనిషికి పుట్టుకతో వస్తాయని ఎంత చెప్పినా, దేశం లేని శరణార్థికి వాటిని ఇప్పించేవారు లేరని హన్నా ఆరెంట్ 1951లో ఎత్తిచూపారు. హక్కులు కలిగి ఉండే హక్కు లేకపోవడమే అసలు సమస్య అన్నారు. నాజీ జర్మనీ నుంచి పారిపోయి కొన్నేళ్లు ఏ దేశ పౌరసత్వమూ లేకుండా గడిపిన వ్యక్తి కాబట్టి అది ఆమెకు అనుభవంలో ఉన్న విషయమే. 1922లో నానాజాతి సమితి దేశం లేనివారికి ఇచ్చిన నాన్సెన్ పాస్‌పోర్టు, 1951 శరణార్థుల ఒప్పందం ఈ లోటును కొంత తీర్చే ప్రయత్నాలు. భారత్ ఈ ఒప్పందంలో చేరలేదు.

ప్రపంచ ప్రభుత్వం లేదు కాబట్టి, ఐరోపా సమాఖ్య పౌరసత్వం వంటి ప్రాంతీయ ఏర్పాట్లను మినహాయిస్తే, ప్రపంచ పౌరసత్వానికి చట్టపరమైన అర్థం స్వల్పమే. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి 2005 నుంచి ఇస్తున్న ఓసీఐ కార్డు కూడా జంట పౌరసత్వం కాదు, దానితో ఓటు హక్కు రాదు. ఆచరణలో ఈ భావన పౌర ఉద్యమాల్లో కనిపిస్తుంది. మందుపాతరల నిషేధానికి స్వచ్ఛంద సంస్థలు సాగించిన ప్రచారం 1997 ఒట్టావా ఒప్పందానికి దారి తీసింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయాక, కార్మిక సంఘాల ఒత్తిడితో అనేక విదేశీ బ్రాండ్లు భవన భద్రతపై చట్టబద్ధమైన ఒప్పందానికి ఒప్పుకున్నాయి. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో 27 మంది న్యాయవిద్యార్థులు వాతావరణ మార్పుపై ప్రపంచ న్యాయస్థానాన్ని ఆశ్రయించాలని ప్రచారం ప్రారంభించారు. వనువాటు ప్రభుత్వం దాన్ని ఐక్యరాజ్య సమితికి తీసుకెళ్లింది. 2023 మార్చిలో సర్వసభ్య సభ ఆ ప్రతిపాదనను ఆమోదించింది. వాతావరణాన్ని కాపాడడం అంతర్జాతీయ చట్టం ప్రకారం దేశాల బాధ్యతేనని 2025 జులై 23న ది హేగ్‌లోని న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది.

విద్యలో ఈ భావనకు 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో చోటు దొరికింది. నాలుగో లక్ష్యంలోని ఏడో అంశం ప్రపంచ పౌరసత్వ బోధనను కోరుతుంది, యునెస్కో దాన్ని ప్రోత్సహిస్తోంది. దీనికీ విమర్శలున్నాయి. పేద దేశాలపై జాలి పెంచే బోధన పేదరికానికి కారణమైన అధికార సంబంధాలను మరుగుపరుస్తుందని వనెస్సా ఆండ్రియోటి 2006లో వాదించారు. ఏ దేశానికైనా వెళ్లగల పాస్‌పోర్టు, డబ్బు ఉన్నవారికే ప్రపంచ పౌరులమని చెప్పుకునే వెసులుబాటు ఉంటుందన్నది మరో విమర్శ.

నేటి స్థితి

2008 ఆర్థిక సంక్షోభం తరువాత ప్రపంచ ఉత్పత్తిలో వాణిజ్యం వాటా పెరగడం ఆగింది. 2018లో అమెరికా, చైనాల సుంకాల పోరు, 2020లో కోవిడ్, 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగి సూయెజ్ కాలువ ఆరు రోజులు మూసుకుపోవడం పొడవైన సరఫరా గొలుసుల బలహీనతను బయటపెట్టాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన వారాల్లోనే తెలుగు ఇళ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర ఎగబాకింది. అక్కడ వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థులు చదువు మధ్యలో వెనక్కి వచ్చారు. సొంతగడ్డపైనో, మిత్ర దేశాల్లోనో సరకు తయారుచేయించుకునే విధానాలు పెరుగుతున్నాయి. వస్తువుల ప్రయాణం మందగించినా సమాచారం, సేవలు, కర్బన ఉద్గారాలు హద్దులు దాటడం ఆగలేదు.

అందువల్ల అంతర్జాతీయ అధ్యయనాల నేటి పాఠ్యప్రణాళికలో యుద్ధం, దౌత్యంతోపాటు సరఫరా గొలుసులు, డేటాపై అధికారం, కృత్రిమ మేధ నియంత్రణ, వాతావరణ న్యాయం, వలస కార్మికుల రక్షణ చేరాయి. గణపతిదేవుడి కాలంలో పరదేశి సొత్తుకు రాజు మాట చాలింది. ఇప్పుడు ఒక వస్తువు వెనుక పది దేశాల శ్రమ, నాలుగైదు దేశాల చట్టాలు ఉంటాయి. ఆ గొలుసులో ఎక్కడ హాని జరిగినా ఎవరిని అడగాలో, ఎక్కడ అడగాలో తేల్చే నియమాలు ఇంకా తయారవుతున్నాయి. వాటిని రాసే బల్ల దగ్గర రొయ్యల రైతుకు, గల్ఫ్ కూలీకి, మునుగుతున్న ద్వీపవాసికి చోటు దొరుకుతుందా అన్నదాన్ని బట్టే ప్రపంచ పౌరసత్వం అన్న మాటకు ఎంత విలువ ఉందో తేలుతుంది.